పైపు తీసేసిన బోరు

అమ్మా నాన్నా ఆయనకి ఓ మంచి పేరే పెట్టి ఉంటారు. ఆ పేరుతో పిలిచినవాళ్లు పోయారు, ఉన్నవాళ్లు మర్చిపోయారు. బోరు బళ్ల మీద బతికేవాళ్లందరికీ ఆయన ‘ఇంకొక్కరాడ్డు’. సొంత అక్కకి ‘ఒరేయ్’. ఈ రెండు పిలుపుల మధ్యే ఆయన తల నెరిసింది.

బోరు వేసే బండి దగ్గర మీరెప్పుడైనా నిలబడ్డారో లేదో నాకు తెలీదు. ఇనపరాడ్డు ఒకటి భూమిలోకి దిగుతుంది. దాని నెత్తిన ఇంకోటి బిగిస్తారు, అదీ దిగుతుంది. కింద రాయి పిండైపోయి, కంప్రెసర్ గాలికి పైకి ఎగజిమ్ముతుంది. నీళ్లు పడితే ఆ పిండి బురదై వస్తుంది. పడకపోతే పిండి పిండిగానే వచ్చి చుట్టూ ఉన్నవాళ్ల జుట్టు మీదా, కనుబొమల మీదా, టీగ్లాసుల్లోనూ వాలుతుంది. అలా దుమ్ము తప్ప ఇంకేమీ రాకుండా పొద్దు గడిచిపోతుంటే, బోరు వేయించుకుంటున్న మనిషి మొహం వేలాడేసి, “ఇంక చాలండీ, ఆపెయ్యండి” అంటాడు. అప్పుడు మనవాడు లివరు మీంచి చెయ్యి తియ్యకుండా, ఆ మనిషి వంక చూడకుండా, “ఇంకొక్క రాడ్డు దింపి చూద్దాం” అంటాడు. ఆ ఒక్క రాడ్డుకే జల పడ్డ సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఆ కొన్నిటి కబుర్లే నాలుగు దిక్కులా తిరిగాయి. పడనివి అంతకి ఎన్నో రెట్లు ఉంటాయి. వాటి గురించి ఎవరు చెప్పుకుంటారు?

పని వచ్చినవాడే, కాదనను. దుమ్ము రంగు చూసి కింద ఏది నడుస్తోందో చెప్పేవాడు. ఎర్రమట్టి అయిపోయి పసుపు దుమ్ము మొదలైతే మెత్తరాయి, అంటే సగం మట్టిగా మారిపోయిన రాయి. దాని కింద బూడిదరంగు వస్తే గట్టిరాయి. మోత మారిందంటే ఎక్కడో పగులు తగలబోతోందని. జానెడు వెడల్పు కంతలో ఎంత లోతుకైనా సరే ఏం జరుగుతోందో ఆయనకి తెలుసు. ఆ కంతకి నాలుగు పక్కలా ఏం జరుగుతోందో మాత్రం తెలీదు. తెలుసుకోవాలని ఏనాడూ అనిపించలేదు కూడా.

బోరు మొదలుపెట్టేటప్పుడు పైనున్న మట్టిలోనూ మెత్తరాయిలోనూ కేసింగ్ పైపు దింపుతారు. అది వెళ్లి గట్టిరాయి మీద కూర్చుని, పక్కల మట్టి జారి కంతలో పడకుండా కాపు కాస్తుంది. నీళ్లు పడితే ఆ పైపు అక్కడే ఉండిపోతుంది. పడకపోతే గొలుసు తగిలించి, బండితో పైకి లాగి, కడిగి, రేపటి బోరుకి వాడతారు. ఎండు బోరులో పైపు వదిలేసి వెళ్లేవాణ్ణి ఆ పనిలో ఉన్నవాళ్లు తిక్కమనిషిగా జమకడతారు. మనవాడు ఒక్కటీ వదల్లేదు. ఆఖరి రాడ్డు పైకి రాగానే ఆయన చేతులు వాటంతటవే గొలుసు కోసం వెళ్లేవి. తర్వాత కంత మీద ఓ బండ జరిపేసి బయల్దేరేవాళ్లు. మళ్లీ ఆ చోటికి వెళ్లి చూసే తీరిక బండికీ లేదు, బండి మీదివాళ్లకీ లేదు.

ఓసారి భూగర్భజలాల ఆఫీసువాళ్లు బోరు బళ్లవాళ్లందర్నీ పిలిచి ఓ హాల్లో కూర్చోబెట్టారు. ఒక ఆఫీసరమ్మ బోర్డు మీద బొమ్మ గీసి, ఎండు బోరులో పైపు తియ్యకండి, తీసినా కంతని అడుగు నుంచి పైదాకా పూడ్చకుండా వదలకండి అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. మనవాడు వెనక వరసలో ఫ్యాను కింద కూర్చుని హాయిగా కునుకు తీశాడు. బయటికొచ్చి టీ తాగుతూ, “పైపులు పాతిపెట్టుకుంటూ పోతే, ఆఖరికి ఓనరు మనల్ని పాతిపెడతాడు” అన్నాడు. అందరూ నవ్వారు. నేనున్నా నవ్వేవాణ్ణే అనుకుంటాను.

ఇక అక్క సంగతి. తల్లి పోయేనాటికి ఆయన చొక్కా బొత్తాలు కూడా సరిగ్గా పెట్టుకోలేని పిల్లవాడు. అక్కే బొత్తాలు పెట్టింది, అక్కే వీపు విమానం మోత మోగించింది. పెళ్లయి వెళ్లేటప్పుడు బట్టలపెట్టెతో పాటు తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకెళ్లింది. బావ మంచివాడు కాబట్టి, “పెట్టెకి తాళం ఉంది, వీడికేదీ?” అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. ఆ ఒక్క మాటనే తర్వాత జీవితమంతా అంటూ వచ్చాడు, అది వేరే సంగతి.

అక్కా బావా లాండ్రీ నడుపుతారు. ఏటవాలుగా ఎక్కే వీధికి దిగువ చివర వాళ్ల ఇల్లు. ముందుగదిలో ఇస్త్రీ బల్ల, దాని మీద మాడిన మచ్చలున్న దుప్పటి. వెనక రేకుల షెడ్డులో సిమెంటు తొట్లు, అరిగి నునుపెక్కిన ఉతుకు బండలు. షెడ్డు వెనక పెరడు వాలు మీదికి ఎక్కుతుంది. అక్కడంతా తీగలు కట్టి దుప్పట్లు ఆరేస్తారు. షెడ్డు మూల, పెరటి అడుగున, బావి. వచ్చేవి ఎక్కువగా ఆస్పత్రి దుప్పట్లు. నెత్తుటి మరకలు వేణ్ణీళ్లు తగిలితే పట్టుకుని కూర్చుంటాయి, చన్నీళ్లకే వదుల్తాయి. అక్క బావినీళ్లు ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేవి. అందుకే ఆస్పత్రివాళ్లు ఇన్నేళ్లూ వేరే చోటికి పోలేదు.

ఆ బావి పెద్ద లోతేమీ కాదు. గట్టిరాయి తగిలేదాకా తవ్వి ఆపేశారు. పైనుంచి తొంగిచూస్తే, వాలు వైపు గోడలో మెత్తరాయికీ గట్టిరాయికీ మధ్య ఓ తడిగీత కనపడేది. అందులోంచే ఊట. సాయంత్రం తోడేసిన నీళ్లు మళ్లీ పొద్దున్నకి చేరేవి. అక్క అత్తగారి హయాం నుంచీ ఆ బావి ఎండిన పాపాన పోలేదు.

అయితే ఆస్పత్రివాళ్లు కొత్త వార్డు కట్టారు. దుప్పట్లు పెరుగుతాయి, అన్నీ ఉతికివ్వగలరా లేకపోతే మిషన్ల లాండ్రీకి ఇచ్చెయ్యమంటారా అని అడిగారు. ఎండాకాలంలో బావి సగం తొట్లకే సరిపోతుంది. అక్క ఆ పూట తమ్ముడికి కబురు పెట్టింది.

“ఊరందరికీ వేస్తావు, నాకొక్క బోరు వెయ్యవేంరా?”

“బావి ఉందిగా అక్కా.”

“బావి నాకు సరిపోతుంది. వార్డుకి చాలదు. ఇవి పోతే మాకింక వేరే పనేం వచ్చు చెప్పు. మీ బావకి ఇస్త్రీ తప్ప ఇంకోటి చేతకాదు, నాకు ఉతకడం తప్ప ఇంకోటి చేతకాదు.”

“ఇస్త్రీ కూడా చేతకాదులే” అన్నాడు బావ లోపల్నించి.

ఓనరుని బతిమాలి, రెండు పనుల మధ్య ఖాళీలో మనవాడు బండిని అక్క పెరట్లోకి ఎక్కించాడు. తీగలు విప్పి, దుప్పట్లు లోపల పెట్టి, వాలు మీద పైభాగాన చోటు చూశాడు. ఎర్రమట్టి వచ్చింది, పసుపు దుమ్ము వచ్చింది, కాస్త చెమ్మగా కూడా వచ్చింది. ఆ చెమ్మ బావిదే, దాన్ని తాకకూడదు, మనకి కావాల్సింది అడుగున అని అక్కకి తనే చెప్పాడు. చెప్పి, గట్టిరాయి దాకా పైపు దింపి, ఆ చెమ్మని పైపు బయటే ఆపేశాడు. అంతవరకూ ఏ తప్పూ లేదు.

ఆ తర్వాత బూడిదరంగు దుమ్మే దుమ్ము. అక్క షెడ్డు గుమ్మంలో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఎండ వాలు దాటింది. చివరికి ఆవిడే, “పోనీలేరా, ఆపెయ్యి” అంది. ఇంకొకళ్లయితే ఏమో గానీ, అక్క దగ్గర ఒట్టి చేతులతో ఎలా దిగుతాడు? ఇంకొక్క రాడ్డు అన్నాడు. దాని మీద ఇంకొక్కటి అన్నాడు. దాని మీద మరొకటి దిగుతుండగా మోత మారింది, రాడ్డు ఒక్కసారి కిందికి జారింది, పైకి వచ్చే దుమ్ము ఠక్కున ఆగిపోయింది. పెద్ద పగులే తగిలింది. కానీ ఎండు పగులు. బండి గాలంతా అదే మింగేసింది, ఒక్క చుక్క ఇవ్వలేదు.

మనవాడు రాడ్లన్నీ పైకి తీశాడు. ఓనరు ఫోను మీద ఫోను, తెల్లారేసరికి వేరే చోట ఉండాలి. చేతులు అలవాటు ప్రకారం గొలుసు అందుకున్నాయి, పైపు పైకి వచ్చేసింది. కంప్రెసర్ ఆపారు. అన్ని గంటల మోత తర్వాత చెవుల్లో ఈగలు ముసిరినట్టు ఉంటుంది. అది కూడా తగ్గాక, కంతలోంచి సన్నగా చప్పుడు వినిపించింది.

నీళ్ల చప్పుడు.

మనవాడు బోర్లా పడుకుని చెవి పెట్టాడు. సందేహం లేదు. లోతున ఎక్కడో గలగలమంటోంది. “అక్కా, జల” అన్నాడు. అక్క కూడా ఆ దుమ్ములోనే మోకాళ్ల మీద కూర్చుని విన్నది. విని, తమ్ముడి నెత్తిన చెయ్యి పెట్టి, జుట్టులో దుమ్ము దులిపింది. బావకి చెవులు కాస్త మందం, ఆయనకేమీ వినపళ్లేదు. “మీ అక్కాతమ్ముళ్లకి వినపడితే నాకు వినపడ్డట్టే” అన్నాడు.

తాడుకి ఇనపముక్క కట్టి దింపితే, అడుగున నీళ్లు నిలిచిన జాడ లేదు, కాస్త బురద మాత్రం అంటుకొచ్చింది. చేరడానికి టైము పడుతుంది, కంగారు పడొద్దు, జల దొరికితే చాలు, నిండడమెంతసేపు అని చెప్పి, బండ జరిపి, బండితో వెళ్లిపోయాడు. అక్క ఆస్పత్రివాళ్లకి సరే అని చెప్పేసింది. కొత్త వార్డు దుప్పట్లు మూటలు మూటలుగా వచ్చి షెడ్డులో పడ్డాయి.

రోజూ సాయంత్రం అక్క పెరట్లోకి ఎక్కి, బండ జరిపి వినేది. పడుతూనే ఉంది. ఫోను చేసి, “ఇవాళ కూడా బాగా పడుతోందిరా” అని చెప్పేది. అటు బావ బావి దగ్గర బకెట్టు తాడుకి ఇంకో మూర తాడు ముడేశాడు. ఎండలు కదా అనుకున్నాడు. మర్నాడు మరో మూర ముడేశాడు. ఆ ఎండల మీద నేరం పెట్టినవాళ్లలో ఆయన మొదటివాడు కాదు, ఆఖరివాడూ కాదు.

ఆ బావిలో మట్టం కొలిచి వెళ్లడానికి భూగర్భజలాల ఆఫీసు నుంచి అప్పుడప్పుడూ ఓ మనిషి వస్తూండేవాడు. ఈసారి ఆఫీసరమ్మే వచ్చింది, హాల్లో బొమ్మ గీసినావిడే. టేపు దింపింది, పైకి తీసింది, మళ్లీ దింపింది. సరిగ్గా ఆవేళ మనవాడు కూడా అక్కడే ఉన్నాడు, మోటారు దింపడానికి కొలతలు చూసుకుందామని వచ్చి.

“ఈ చుట్టుపక్కల ఎవరైనా కొత్తగా బోరు వేశారా అమ్మా?” అని అడిగింది ఆఫీసరమ్మ.

“ఎవరో ఎందుకండీ, మా తమ్ముడే వేశాడు. మా పెరట్లోనే” అంది అక్క, గొంతులో గర్వం దాచుకోకుండా. “జల పడింది. ఇంకా పైకి చేరలేదు.”

ఆఫీసరమ్మ వాలు ఎక్కి, బండ జరిపించి, వంగి వింది. తల ఎత్తకుండానే, “పైపేదీ?” అంది.

“తీసేశానండీ” అన్నాడు మనవాడు.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పక్కనున్న తీగస్తంభానికి చేరబడి, అక్క వైపు తిరిగి మెల్లగా చెప్పింది. “వాననీళ్లు ఈ వాలు మీద నేరుగా పాతాళానికి పోవమ్మా. మట్టిలో ఇంకుతాయి, మెత్తరాయిలోకి దిగుతాయి, కింద గట్టిరాయి అడ్డం తగిల్తే దాని మీదే నిలిచి, మెల్లగా పక్కకి పాకుతూ వస్తాయి. వాలు పైకొసన పడ్డ వాన మీ బావిలోకి రావడానికి ఏళ్లు పడుతుంది. మీరు ఇన్నాళ్లూ తోడుకున్నది ఎప్పటిదో వాన. ఆ గట్టిరాయే దానికి గిన్నె అడుగు. ఆ అడుగుకి కంత పడింది. పైపున్నంతసేపూ పైనీళ్లు కంతలోకి రాకుండా ఆగాయి. పైపు తీశాక ఆపేదేమీ లేదు. మీరు వింటున్నది పైకి చేరే నీళ్ల చప్పుడు కాదు. మీ బావిలోకి రావాల్సిన నీళ్లు కిందికి పడిపోతున్న చప్పుడు.”

“కిందికి పడి ఎక్కడికి పోతాయండీ?” అంది అక్క.

“అడుగున తగిలిన పగుల్లోకి. అక్కణ్ణించి ఎటో. ఏ నదిలో ఎప్పటికి తేలతాయో నేను చెప్పలేను. మనకి మాత్రం రావు.”

అక్క తమ్ముడి వైపు చూసింది. అందులో నింద లేదు. చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టి వచ్చినప్పుడు దెబ్బ తగిలిందా అని చూసేదే, ఆ చూపు. ఆయన భరించలేకపోయాడు.

ఆఫీసరమ్మ పోతూ పోతూ రెండు మాటలు చెప్పింది. ఒకటి, సన్నగొట్టం అడుగుదాకా దింపి, అక్కణ్ణించి పైకి బంకమట్టీ సిమెంటూ కలిపి నింపితే ఆగే అవకాశం ఉంది, ఆ సామాను తను పంపిస్తుంది, అంతవరకూ ఎవరూ కంతని ముట్టుకోవద్దు. రెండోది చెప్పడం కాదు, అడగడం. “ఇలా పైపు తీసేసినవి మీ చేతిమీద ఎన్ని ఉంటాయండీ?” జవాబు కోసం ఆవిడ నిలబడలేదు.

ముట్టుకోవద్దంటే ముట్టుకోకుండా ఉండే మనిషైతే ఆయనకి ఆ పేరెందుకు వస్తుంది? ఆ పూటంతా కంత పక్కనే కూర్చున్నాడు. లోపల గలగల. అక్క తొట్లోకి రావాల్సిన నీళ్లు, ఆయన వింటుండగా, ఒక్కో చుక్కా పోతోంది. మర్నాడూ సామాను రాలేదు. అక్క షెడ్డులోంచి వచ్చి, “అది వినలేకపోతున్నానురా, ఏదో ఒకటి చెయ్యి” అంది. చేశాడు. రాళ్లు వేశాడు, గోనెసంచుల్లో మట్టి కుక్కి వేశాడు, పైన సిమెంటు పోశాడు. వేసిన మొదటి రాళ్లే గట్టిరాయి దాకా వెళ్లకుండా పైన మెత్తరాయిలోనే అడ్డంపడి ఇరుక్కున్నాయి. సంచులు వాటి మీద కూర్చున్నాయి, సిమెంటు సంచుల మీద కూర్చుంది. పైన చూస్తే ముచ్చటగా మూత. దాని కింద కంత ఎప్పట్లాగే నోరు తెరుచుకుని ఉంది. చప్పుడు కాస్త దూరంగా వినిపించింది, అంతే.

గొట్టాలేసుకుని వచ్చిన ఆఫీసరమ్మ ఆ మూత చూసి, సామాను దింపొద్దని డ్రైవరుకి చెప్పింది. “ఆగమన్నాను కదండీ” అంది. మళ్లీ తవ్వొచ్చు కదా అని బావ అడిగాడు. మనవాడే తల అడ్డంగా ఊపాడు. ఇరుక్కున్న రాళ్ల మీద రాడ్డు కొసనుండే బిట్టు పెడితే పక్కకి జారి మెత్తరాయిని ఇంకా కోస్తుంది. ఉన్న ఒక్క కంత రెండవుతుంది. ఈ సంగతి ఆయనకి రాళ్లు వెయ్యకముందు కూడా తెలుసు. తెలిసిన సంగతి ఆ సమయానికి గుర్తు రాలేదు.

తర్వాత ఓ వారం పదిరోజులకి చప్పుడు ఆగిపోయింది. అక్క నమ్మలేక మూతకి చెవి ఆనించి మళ్లీ మళ్లీ విన్నది. మూత పట్టిందిరా అంది. బావ, “ఎంతైనా మా పెట్టెతో పాటు వచ్చిన సరుకు” అని చాలా రోజుల తర్వాత నవ్వాడు. మనవాడు బావి దగ్గరకి వెళ్లి తొంగిచూశాడు. వాలు వైపు గోడలో తడిగీత ఉండే చోట తెల్లటి పొడి మరక ఉంది. పట్టిన మూతా లేదు, పాడూ లేదు. పడటానికి ఇంక నీళ్లు లేవు. ఈ మాట వాళ్లిద్దరికీ ఆయనే చెప్పాల్సి వచ్చింది.

ఆస్పత్రి దుప్పట్లు ఉతక్కుండానే మూటలు కట్టి వెనక్కి పంపారు. అవి మిషన్ల లాండ్రీకి వెళ్లాయి. అక్క కూడా వాటి వెనకే వెళ్లింది. ఊరికి అవతల ఓ పెద్ద హాలు, గుండ్రటి అద్దాల తలుపులు, ఆవిరి. మిషన్లోకి వేసేవాళ్లు వేస్తారు, తీసేవాళ్లు తీస్తారు. ఆవిడ చేసేదల్లా తీసినవాటిని మడత పెట్టడం. ఇన్నేళ్లు ఉతికిన చేతులకి అదేం పని? చేతులు నీళ్లలో పడక పొడిబారి పగుళ్లు తేలాయి. బావ ఇస్త్రీ బల్ల ముందు కూర్చుని, వీధివాళ్లు ఇచ్చే ఒకటీ అరా చొక్కాలు చేస్తున్నాడు. వాటిని కూడా మెల్లగా చేస్తాడు, త్వరగా అయిపోకుండా.

మనవాడు బండి మీదికి మళ్లీ వెళ్లాడు. అక్కడ ఆయనకి లోకం వేరేగా కనపడటం మొదలైంది. ఇదివరకు వేసిన చోట్లన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఓ తోటలో ఎండు బోరు వేసి పైపు లాక్కుని వచ్చేసిన కొన్నాళ్లకి, దిగువ ఇంటాయన బావి ఎండిపోయిందని విన్నాడు. ఎండలు ముదిరాయి అనుకున్నారంతా, తనూ అనుకున్నాడు. ఆ దిగువాయన కూడా బోరు వేయించుకుందామని వీళ్ల బండినే పిలిచాడు. ఇంకొక్క రాడ్డు అని చెప్పి అక్కడా లోతుకి దింపాడు, అక్కడా పడలేదు, అక్కడా పైపు తీశాడు. ఏ బావీ ఎండేదాకా అక్కడ నిలబడి చూడలేదు. ఒక్క అక్క బావి దగ్గరే చూశాడు. అది తప్పించుకోలేక చూశాడు.

ఓ రోజు ఎండు బోరు దగ్గర గొలుసు అందుకోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “ఇది తియ్యను” అన్నాడు. ఓనరు మంచిమాట చెప్పాడు, చెడ్డమాట చెప్పాడు, ఆఖరికి వేరేవాళ్ల చేత తీయించి, ఇంకొక్కరాడ్డుని అక్కడే దింపేసి వెళ్లిపోయాడు. పైపులు వదిలేద్దామనేవాణ్ణి ఏ బండివాళ్లు పెట్టుకుంటారు? ఆఫీసరమ్మ దగ్గరకి వెళ్లి, పాత కంతలన్నీ చూపిస్తాను, పూడ్పించండి అన్నాడు. ఆవిడ ఓపిగ్గా విన్నది. తన దగ్గర ఉన్న గొట్టాలు ఒక జత, మనుషులు ఇద్దరు, ఆ కంతల్లో సగం మీద ఇప్పుడు ఇళ్లున్నాయి అని చెప్పింది. మీరు చెప్పినందుకు సంతోషం అని కూడా అంది. ఆయన మెట్లు దిగి వచ్చేశాడు.

వానాకాలం వచ్చింది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, అదీ ఎగతాళి. వాలు వీధి మీద నీళ్లు చెప్పుల్ని ఎత్తుకుపోయేంతగా పారాయి. మట్టి తాగింది, మెత్తరాయి తాగింది. ఓ మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక బావ చాలా నెలల తర్వాత బావి గిలకకి నూనె రాశాడు. కట్టిన ముడులన్నీ విప్పి తాడు పొట్టి చేద్దామా వద్దా అని చేత్తో పట్టుకుని చూసి, ఎందుకైనా మంచిదని అలాగే ఉంచాడు.

అక్కకి మధ్యాహ్నం షిఫ్టు. గొడుగు తీసుకుని బయల్దేరబోతూ పెరట్లోకి చూస్తే, తమ్ముడు మూత పక్కన బురదలో బోర్లా పడుకుని ఉన్నాడు. ఆవిడ చెప్పులు విడిచి వాలు ఎక్కి వెళ్లింది.

“ఏంట్రా?”

“ఏం లేదక్కా.”

“ఏం లేకపోతే లేవవేం?”

ఆయన లేవలేదు. అక్క చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, ఆ తడిలోనే మోకాళ్ల మీద కూర్చుని, సిమెంటుకి చెవి ఆనించింది. కింద, దూరంగా, గలగలమంటూ పడుతోంది. మొదటిరోజు విన్న చప్పుడే. చుట్టూ ఇంకిన కొత్త వాన మొత్తం మెత్తరాయిలోంచి వచ్చి, బావి దాకా పోకుండా, ఇక్కడే దారి చూసుకుంటోంది. ఇంక ఎప్పుడు ఎంత వాన పడినా ఇంతే. ఇద్దరికీ తెలుసు.

అక్క చాలాసేపు విన్నది. తమ్ముడి జుట్టులో అంటుకున్న బురదని పగిలిన వేళ్లతో తీసింది.

“ఎంత బాగుందిరా చప్పుడు” అంది.

కింద బావిలో బకెట్టు రాయికి కొట్టుకున్న మోత వినిపించింది. బావ తాడు పైకి లాగేశాడు. అక్క లేచి, గొడుగు తమ్ముడి మీదికి వాలేట్టు నేలలో గుచ్చి, షిఫ్టుకి ఆలస్యమవుతోందని చెప్పి వాలు దిగి వెళ్లిపోయింది.